తూకం తెలిసిన చెయ్యి: అమృతా షేర్‌గిల్

చుక్కల ముగ్గు వేసే చేతికి తూకం అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. ఎడమవైపు ఒక మెలిక తిప్పితే కుడివైపూ తిప్పాలి, లేకపోతే ముగ్గు ఒరిగినట్టుంటుంది. బొమ్మ వేయడానికీ ఇదే సూత్రం అనుకుంటాం మనలో చాలామందిమి. అమృతా షేర్‌గిల్ చిత్రాలు ఒకసారి నిదానంగా చూస్తే ఆ నమ్మకం కాస్త కదులుతుంది. వాటిలో రెండు వైపులూ ఒకేలా ఉండవు, అయినా ఏదీ ఒరగదు. బతికింది 28 ఏళ్ళే. ఈ విద్య ఆమెకు ఎక్కడ పట్టుబడిందో చూడాలంటే ఆమె తిరిగిన దారి వెంట వెళ్ళాలి. ఆ దారి మన దక్షిణాది మీదుగా కూడా పోయింది.

అమృత 1913 జనవరి 30న హంగరీ దేశంలో, బుడాపెస్ట్ నగరంలో పుట్టింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబు సిక్కు కుటుంబీకుడు, పండితుడు, ఫొటోలు తీయడమంటే ప్రాణం. తల్లి హంగరీ గాయని. 1921లో కుటుంబం సిమ్లా వచ్చి స్థిరపడింది. పిల్లకు బొమ్మల పిచ్చి అని గ్రహించి, 1929లో తల్లిదండ్రులు ఆమెను పారిస్ తీసుకెళ్ళారు. అప్పటికి 16 ఏళ్ళు.

పారిస్‌లో నేర్చింది తక్కువేమీ కాదు. 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ చిత్రంలో ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ఒకమ్మాయి నిండుగా దుస్తులు వేసుకుని కుదురుగా కూర్చుంది. రెండో అమ్మాయికి విరబోసిన జుట్టు ముఖం మీద పడుతోంది. ఒకరి కుదురు, మరొకరి చెదురు, రెండూ కలిస్తేనే బొమ్మ నిలబడింది. 1933లో పారిస్ గ్రాండ్ సలోన్‌లో దీనికి బంగారు పతకం వచ్చింది. 20 ఏళ్ళకే ఆ సంస్థలో ఆమెకు సభ్యత్వమూ దక్కింది. ఇంకొకరైతే అక్కడే ఉండిపోదురు. ఆమె 1934 చివర ఇండియాకు తిరిగొచ్చేసింది.

వచ్చీ రాగానే గొడవ. 1935లో సిమ్లా చిత్రకళా సంఘం వాళ్ళు ఆమె పంపిన చిత్రాల్లో కొన్నిటిని కాదని, ఒకదానికి బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి నాకొద్దని తిప్పి పంపేసింది. పొగరు అన్నవాళ్ళు ఉన్నారు. నాకైతే అది పొగరులా అనిపించదు. తను ఎటు పోతోందో తెలిసిన మనిషి చేసే పని అది. ఆ ఏడే వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రానికి 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. ముగ్గురూ ఒకరినొకరు ఆనుకున్నట్టు కూర్చున్నారు, ఒక్కరూ మనవైపు చూడరు. వెనక గోడా లేదు, కిటికీ లేదు, ఒట్టి ఖాళీ. ఆ ఖాళీ కూడా బరువే. ముగ్గురి మౌనానికీ అదే సరిజోడు.

1936 చివర ఆమె దక్షిణ యాత్రకు బయలుదేరింది. అజంతా, ఎల్లోరా చూసి, హైదరాబాదు మీదుగా కన్యాకుమారి, కొచ్చిన్ దాకా వెళ్ళింది. అజంతా ఆమెను నిలువునా మార్చేసింది. అక్కడ మొదటి గుహలో పద్మపాణి బొమ్మ ఉందికదా, చుట్టూ ఉన్నవాళ్ళకంటే ఎంతో పెద్దగా ఉంటాడు. తల ఒకవైపు, నడుము ఇంకోవైపు ఒంపు తిరిగి ఉంటాయి. నాట్యం నేర్చుకునే మన పిల్లలకు తెలిసిన త్రిభంగమే ఇది. వంగినందువల్లే నిలబడ్డాడు అనిపిస్తుంది. నిటారుగా గీసి ఉంటే స్తంభమయ్యేవాడు. కొచ్చిన్‌లో మట్టంచేరి కోట గోడల మీది చిత్రాల దగ్గరా ఆమె చాలాసేపు ఆగింది.

యాత్రలో బొమ్మలు అమ్ముదామని కూడా చూసింది. హైదరాబాదులో సాలార్‌జంగ్ నవాబు ఆమె చిత్రాలు తెప్పించుకుని, చివరికి తిప్పి పంపారు. మైసూరు మహారాజావారు ఆమె చిత్రాలకంటే రవివర్మ చిత్రాలకే మొగ్గు చూపారు. రవివర్మ బొమ్మలో నగ, జరీ, తెర, స్తంభం అన్నీ నిండుగా ఉంటాయి. అలవాటుపడిన కంటికి ఈమె ఖాళీలు వెలితిగా కనిపించి ఉండవచ్చు. వాళ్ళని ఎగతాళి చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మన ఇంటి గోడకు ఏ పటం కొంటామో మనల్ని మనమే అడుగుదాం! 2023లో ఆమె ‘స్టోరీ టెల్లర్’ చిత్రం వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది. బతికుండగా మాత్రం కొనేవాళ్ళకోసం ఎదురుచూపే మిగిలింది.

చేతిలో డబ్బు లేకపోయినా కళ్ళనిండా రంగులతో సిమ్లా చేరి, 1937లో మూడు పెద్ద చిత్రాలు వేసింది: ‘పెళ్ళికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు పోతున్న దక్షిణాది పల్లెవాసులు’. తూకం, లయ నేర్చుకోవాలంటే ‘బ్రహ్మచారులు’ ఒక్కటి చాలు. అయిదుగురు కుర్రాళ్ళు వరసగా నేలమీద కూర్చున్నారు. అందరివీ తెల్ల పంచెలే. మృదంగం మీద దెబ్బ పడ్డట్టు ఆ తెలుపు మళ్ళీ మళ్ళీ పడుతుంది. ఒకేలా పడితే మగ్గం మీద అంచు నేసినట్టు ఉండేది. అందుకే ఒక్కొక్కరి కూర్చునే తీరు, ఒంటి ఛాయ కొంచెం కొంచెం మార్చింది. తాళం తప్పలేదు, కానీ ప్రతి ఆవృత్తంలో కొత్త జతి. పెళ్ళికూతురి చిత్రంలో ఆ పిల్ల ఒంటి ఛాయ లేత. చుట్టూ ఉన్నవాళ్ళది ముదురు. ముదురు రంగు కంటికి బరువు, లేత రంగు తేలిక. ఒక్క లేత ఒంటికి చుట్టూ ఉన్న అన్ని ముదురు ఛాయలూ సరితూగడం చూస్తే, తులాభారంలో ఒక్క తులసిదళం మొగ్గిన కథ గుర్తొస్తుంది నాకు.

1938లో హంగరీ వెళ్ళి తల్లివైపు బంధువు, డాక్టరు విక్టర్ ఈగన్‌ను పెళ్ళాడింది. తరువాత గోరఖ్‌పూర్ దగ్గర సరయా అనే పల్లెలో, తండ్రివైపు వాళ్ళ ఎస్టేటులో కాపురం. అక్కడ మొఘలు, పహాడీ చిన్న చిత్రాల ప్రభావంతో ఆమె బొమ్మలూ చిన్నవయ్యాయి, రంగులు మాత్రం మండాయి. ఇంటి ఆవరణలో ఆడవాళ్ళు, మంచంమీద వాలిన ఇల్లాలు, పసుపు విసిరే పనివాళ్ళు, ఏనుగులు.

1941లో దంపతులు లాహోరుకు మారారు. ఆమె చిత్రాల ప్రదర్శనకు అక్కడ ఏర్పాట్లు జరుగుతున్నాయి. కొద్ది రోజులుందనగా హఠాత్తుగా జబ్బుచేసి, డిసెంబరు 5న పోయింది. ప్రదర్శన ఆ తరువాత జరిగింది. ఆమె చివరగా మొదలుపెట్టిన చిత్రం లాహోరులో తను ఉన్న మేడమీదనుంచి కనిపించే దృశ్యం. పక్కింటి గోడలు, కింద నల్ల గేదెలు. పూర్తికాలేదు. మిగిలిన భాగంలో ఏ రంగు పెట్టాలనుకుందో ఆ గేదెలను బట్టి ఊహించుకోవలసిందే.