విల్బర్ రైటు

రైటు సోదరు లిరువురిలో పెద్దవాడగు విల్బర్, అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమందు 1867వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన జన్మించెను. తండ్రి మిల్టన్ రైటు బిషప్పు. ఆయన 1878లో, రబ్బరు పురితో పైకెగురు చిన్న ఆటవస్తువు నొకదానిని కుమారులకు తెచ్చి యిచ్చెను. బాలురు దానిని చూచి అట్టివే చేసిరి. కాని, పెద్దవిగా చేసినవి సరిగా ఎగురవయ్యెను.

పెరిగి పెద్దవాడైన పిమ్మట విల్బర్, తమ్ముడగు ఆర్విల్‌తో కూడి డేటన్ నగరమున సైకిళ్ల దుకాణము నడిపెను. 1896లో జర్మనీ దేశమున లిలియెంథాల్ అను సాహసి, యంత్రములేని విమానమగు గ్లైడరునుండి పడి మరణించెను. గాలిలో అదుపు తప్పుటయే మరణహేతువని గ్రహించిన విల్బర్, యంత్రబలమునకు ముందు అదుపు నేర్వవలెనని నిశ్చయించుకొనెను.

1899లో అతడు 5 అడుగుల గాలిపటము చేసి, నాలుగు త్రాళ్లతో నేలనుండియే దాని రెక్కలను మెలిపెట్టి నడిపెను. నేటి బాలురు రేడియోతో నడుపు నమూనా విమానమువలెనే, అది పడినను ప్రాణహాని లేదు. మరుసటి యేట కిట్టీ హాక్ ఇసుకతీరమునకు 17 అడుగుల గ్లైడరును గొనిపోయి, దానినికూడ పెక్కుసారులు మనుష్యుడు లేకుండగనే ఎగురవేసెను.

1901లో చేసిన 22 అడుగుల గ్లైడరు, లెక్క ప్రకారము లేవకపోయెను. సోదరులు మిక్కిలి నిరాశ చెందిరి. అయినను ఇంకను పెద్దదానిని కట్టలేదు, చిన్నవానికే మరలిరి. 6 అడుగుల పెట్టెలో గాలిని ప్రసరింపజేసి, సుమారు 200 చిన్న రెక్కలను పరీక్షించిరి. ఆ ఫలితములతో 1902లో 32 అడుగుల గ్లైడరు నిర్మించి, ఏడువందలకు పైగా సారులు ఎగిరి, అదుపును పూర్తిగా అభ్యసించిరి. అటుపిమ్మటనే యంత్రమును అమర్చిరి.

1903 డిశంబరు 14వ తేదీన విల్బర్ తొలి ప్రయత్నము చేయగా, విమానము ముక్కు మితిమించి పైకి లేచి, మూడున్నర సెకండ్లలో నేల కూలెను. దానిని బాగుచేసి, 17వ తేదీన ఆర్విల్ 12 సెకండ్లు ఎగిరెను. ఆనాటి కడపటి యానమున విల్బర్ 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. అతడు 1912 మే 30వ తేదీన, 45వ యేట, టైఫాయిడు జ్వరముచే మృతినొందెను.

బాలురారా, నిలుకడగల శిక్షణ విమానమును నాలుగు దినములు ఎగురవేసిన వానికి వేగముగల దానిపై మనసు పోవుట సహజము. చిన్నది నేర్పవలసినదంతయు నేర్పినదా యని విల్బర్‌వలె ముందు పరీక్షించుకొనుడు. పై తరగతికి పోవువారికిని ఇదియే మార్గము.