కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న ఇమామ్ నేర్పిన పాఠం

ఇంట్లో ఒక బిడ్డకు ఆటలమ్మ పోసింది. రెండు రోజుల్లో ఖాలా గారింట వలీమా. వెళ్లకపోతే బంధువులు నొచ్చుకుంటారు. వెళితే ఆ బిడ్డతో ఒకే పక్కలో పడుకున్న అన్నదమ్ముల ద్వారా, అక్కచెల్లెళ్ల ద్వారా వ్యాధి పదిళ్లకు పాకుతుందేమోనని భయం. జబ్బుపడిన బిడ్డను నానీ దగ్గర ఉంచి మిగతావాళ్లం వెళ్లొద్దామని ఒకరంటారు. అల్లాహ్ రాసిపెట్టిందే జరుగుతుంది, పోయినా పోకపోయినా ఒకటేనని మరొకరంటారు. ఇలాంటి సందిగ్ధం ఏదో ఒకనాడు మనందరి ఇళ్లలో తలెత్తేదే.

ఇదే ప్రశ్న ఎన్నో రెట్లు భయంకరమైన రూపంలో ఎదురైన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వారం గుర్తుచేసుకుందాం. ఆయన సహీహ్ బుఖారీకి ఫత్‌హుల్ బారీ అనే మహా వ్యాఖ్యానం రాసిన ఇమామ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై). హదీసు విద్య తెలిసిన చోటల్లా ఆయన పేరు తెలుసు. కాని ముగ్గురు ఆడబిడ్డల్ని ప్లేగు వ్యాధికి పోగొట్టుకున్న తండ్రిగా ఆయన్ని ఎరిగినవారు మనలో తక్కువ.

అనాథ బాలుడు

ఇబ్నె హజర్ (రహ్మలై) హిజ్రీ 773లో, అంటే క్రీ.శ. 1372లో, ఈజిప్టులోని కైరో నగరంలో జన్మించారు. వారి పూర్వీకులది పాలస్తీనాలోని అస్ఖలాన్ పట్టణం. అందుకే అస్ఖలానీ అనే పేరు వచ్చింది. తండ్రి నూరుద్దీన్ అలీ విద్వాంసుడు, కవి. తల్లి పసితనంలోనే కన్నుమూసింది. నాలుగేళ్లు నిండేసరికి తండ్రి కూడా పోయారు. అక్క సిత్తుర్ రక్బ్ ఆయనకు తల్లిలేని లోటు తెలియనివ్వలేదు. తల్లి తర్వాత తనకు తల్లి ఆమేనని ఆయన జీవితాంతం తలచుకున్నారు.

తండ్రి స్నేహితుడైన జకీయుద్దీన్ ఖర్రూబీ అనే వర్తకుడు ఆ పిల్లవాణ్ణి చేరదీశారు. తొమ్మిదో ఏటికే ఇబ్నె హజర్ దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. పన్నెండో ఏట మక్కా నగరంలో తరావీహ్ నమాజు చేయించారు. పెద్దయ్యాక ఆ కాలపు హదీసు పండితుల్లో అగ్రగణ్యుడైన జైనుద్దీన్ ఇరాఖీ (రహ్మలై) దగ్గర పదేళ్లు శిష్యరికం చేశారు. విద్య కోసం సిరియా, హిజాజ్, యెమెన్ దేశాలు తిరిగారు.

హిజ్రీ 798లో ఆయనకు ఉన్స్ ఖాతూన్‌తో వివాహమైంది. ఆమె ఉన్నత వంశంలో పుట్టిన విదుషీమణి. హదీసు బోధనలో ఆమె కూడా పేరు గడించారు. ఆ దంపతులకు అయిదుగురు కుమార్తెలు కలిగారు. వారు జైన్ ఖాతూన్, ఫర్హా, గాలియా, రాబియా, ఫాతిమా.

గుమ్మంలోకి వచ్చిన తాఊన్

హిజ్రీ 749లో, అంటే క్రీ.శ. 1348లో, ప్లేగు మహమ్మారి ఈజిప్టు, సిరియా దేశాలను ఊడ్చిపెట్టింది. అరబ్బీలో దాన్ని తాఊన్ అంటారు. అది ఒక్కసారి వచ్చి పోలేదు. కొన్నేళ్లకొకసారి తిరిగి వస్తూనే ఉంది. ఇబ్నె హజర్ (రహ్మలై) పుట్టి పెరిగిన కైరో అలాంటి నగరం. ప్రతి తరం వారూ ఆ వ్యాధిని కళ్లారా చూసినవారే.

హిజ్రీ 817లో ఆయన ఫత్‌హుల్ బారీ రచన ప్రారంభించారు. రెండేళ్లు తిరిగేసరికి, హిజ్రీ 819లో (క్రీ.శ. 1416), కైరోలో మళ్లీ ప్లేగు చెలరేగింది. ఈసారి అది ఆయన ఇంట్లోకే వచ్చింది. గాలియా, ఫాతిమాలు ఇద్దరూ ఆ వ్యాధితో మరణించారు. ఊరందరి ధర్మసందేహాలు తీర్చే పండితుని ఇంట్లో ఒకే ఏడాది రెండు జనాజాలు లేచాయి.

ఆ ఏడాదే ఆయన ప్లేగు గురించి ఒక గ్రంథానికి సమాచారం సేకరించసాగారు. దైవప్రవక్త (స) ప్రవచనాలు, సహాబీల ఆచరణ, పూర్వ వైద్యుల అభిప్రాయాలు, గతంలో వచ్చిన మహమ్మారుల చరిత్ర, అన్నీ ఒక్కచోట చేర్చారు. అదే బజ్‌లుల్ మాఊన్ ఫీ ఫజ్‌లిత్ తాఊన్. కాని గ్రంథం వెంటనే పూర్తి కాలేదు. అది పద్నాలుగేళ్ల పాటు అలాగే ఉండిపోయింది.

ఎడారిలో సామూహిక ప్రార్థన

ఈలోగా ఇబ్నె హజర్ (రహ్మలై) షాఫయీల ప్రధాన ఖాజీ అయ్యారు. హిజ్రీ 827లో సుల్తాన్ బర్స్‌బాయ్ ఆయన్ని ఆ పదవిలో నియమించారు. తొలగింపులు, తిరిగి నియామకాలు జరుగుతూ ఆ పదవిలో మొత్తం దాదాపు ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

హిజ్రీ 833 రబీఉల్ ఆఖిర్ నెల 27న, అంటే క్రీ.శ. 1430 జనవరిలో, కైరోలో మళ్లీ ప్లేగు కనిపించింది. అప్పటికి రోజుకు చనిపోయేవారు నలభై మందికి లోపే. ప్రజలు భయపడ్డారు. వానల కోసం చేసినట్టే మూడు రోజులు ఉపవాసాలు పాటించాలని నగరంలో చాటింపు వేశారు. జమాదిల్ అవ్వల్ 4న జనం ఎడారిలోకి తరలివెళ్లారు. అందరూ ఒకచోట చేరి దుఆ చేశారు. కొంతసేపు ఉండి ఇళ్లకు తిరిగి వచ్చారు. ఆ నెల ముగిసేలోగా కైరోలో రోజుకు వెయ్యి మందికి పైగా చనిపోసాగారు. ఆ తర్వాత ఇంకా పెరిగింది.

ఈ అంకెలు రాసిపెట్టినవారు ఇబ్నె హజర్ (రహ్మలై) గారే. ఎనభై ఏళ్ల క్రితం డమాస్కస్‌లోనూ ఇలాగే జరిగిందని ఆయన గుర్తుచేశారు. అక్కడి జనం కూడా పెద్దలతో కలిసి ఊరి బయటకు వెళ్లి ప్రార్థించారు. ఆ తర్వాత మరణాలు అంతకుముందు కన్నా ఎక్కువయ్యాయి.

ఇక్కడ ఆయన తీర్పును మనం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. దుఆ చేయవద్దని ఆయన అనలేదు. ఎవరికి వారు అల్లాహ్‌ను వేడుకోవడం మంచిదే. ఫర్జ్ నమాజుల గురించి కూడా ఆయన మాట్లాడలేదు. ఆయన కాదన్నది ప్లేగు తొలగడానికని ప్రత్యేకంగా జనాన్ని పోగుచేయడాన్ని. సహాబీల కాలంలోనే ప్లేగు వచ్చింది. అలా గుమిగూడటం మంచి పద్ధతే అయితే వారు దాన్ని విడిచిపెట్టేవారు కాదన్నది ఆయన వాదన. ఖాజీ పదవిలో ఉండి, భయంతో ఉన్న జనానికి నచ్చని మాట చెప్పడం తేలిక కాదు. అయినా ఆయన దాన్ని గ్రంథస్థం చేశారు.

ఆ ఏడాది ప్లేగు ఆయన పెద్ద కుమార్తె జైన్ ఖాతూన్‌ను కూడా తీసుకుపోయింది. అప్పుడామె గర్భవతి. పద్నాలుగేళ్లుగా ఆగి ఉన్న గ్రంథాన్ని ఆయన ఆ సంవత్సరమే పూర్తి చేశారు.

సహాబీల బాట

ఇబ్నె హజర్ (రహ్మలై) తన గ్రంథాల్లో వివరించిన సంఘటనలు మన సందేహానికి సూటిగా జవాబిస్తాయి. సఖీఫ్ తెగ ప్రతినిధులు దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేయడానికి వచ్చారు. వారిలో ఒకరికి కుష్ఠు ఉంది. అతని ప్రమాణం స్వీకరించామని, ఇక తిరిగి వెళ్లవచ్చని ప్రవక్త (స) కబురు పంపారు. అతనికి దక్కవలసిన గౌరవం దక్కింది, సమూహంలోకి రావలసిన అవసరం తప్పింది. రోగంతో ఉన్న ఒంటెల్ని ఆరోగ్యంగా ఉన్నవాటి దగ్గరకు తోలవద్దన్నది కూడా ఆయన బోధనే. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, తామున్న ఊళ్లో ప్లేగు వస్తే పారిపోవద్దని కూడా ప్రవక్త (స) ఆదేశించారు.

హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639లో, హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. ముందు ప్లేగు ఉందని తెలిసింది. సహచరులతో సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధించిన ఒక దాని నుంచి ఆయనే విధించిన మరొక దాని వైపు వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి ప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి మదీనాకు మరలిపోయారు.

అబూ ఉబైదా (రజి) తన ప్రజల్ని వదలలేదు. ఆ అమ్వాస్ ప్లేగులోనే ఆయన కన్నుమూశారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా ఆ వ్యాధితోనే మరణించారు. వారి తర్వాత బాధ్యత స్వీకరించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జనాన్ని గుంపులుగా ఉండవద్దని, కొండల మీదికి చెదిరిపొమ్మని చెప్పారు. కొందరు అభ్యంతరం చెప్పినా ఆయన మాట మార్చలేదు. ప్లేగు తొలగిపోయింది. ఈ సంగతి విన్న ఉమర్ (రజి) దాన్ని తప్పుపట్టలేదు.

ఊరు విడిచి పోవద్దనడానికి పూర్వ పండితులు చెప్పిన ఒక కారణాన్ని ఇబ్నె హజర్ (రహ్మలై) ఫత్‌హుల్ బారీలో ప్రస్తావించారు. ఆరోగ్యవంతులంతా వెళ్లిపోతే మంచం పట్టినవారికి నీళ్లిచ్చేవారుండరు, చనిపోయినవారిని మట్టిచేసేవారుండరు. జాగ్రత్త పేరుతో రోగిని ఒంటరిగా వదిలేయడం మన ధర్మం కాదని ఇందువల్ల అర్థమవుతోంది.

ఆ కాలం, ఈ కాలం

ప్లేగు ఎలా వస్తుందో ఆ కాలంలో ఎవరికీ పూర్తిగా తెలియదు. దానికి జిన్నుల పోటు కారణమని ఇబ్నె హజర్ (రహ్మలై) భావించారు. వ్యాధి తనంతట తాను అంటుకోదని, అంతా అల్లాహ్ సంకల్పమేనని ఆయన నమ్మకం. ఆయన పుట్టిన కాలానికి కాస్త ముందే గ్రనడాలో ఇబ్నుల్ ఖతీబ్ అనే విద్వాంసుడు అంటువ్యాధి అన్నది అనుభవంతో రుజువైన విషయమని రాశారు. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నారు. ఎలుకల మీది గోమార్లు కుట్టడం వల్ల అది మనుషులకు వస్తుంది. ఊపిరితిత్తులకు పాకితే దగ్గు తుంపర్ల ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. కైరోలో మరణాలు పెరగడానికి ఆ ఒక్క సమావేశమే కారణమని చెప్పలేం. కాని గుంపుగా చేరడం వ్యాధిని ఆపలేదని ఆయన అంకెలు చెబుతున్నాయి. కారణం తెలియకపోయినా కళ్లెదుట జరిగినదాన్ని దాచకుండా రాసిన నిజాయితీ ఆయనది.

2020లో కరోనా వచ్చినప్పుడు మన మసీదుల్లో జమాఅత్‌లు ఆగాయి, జుమా రోజున ఇళ్లలో జుహ్ర్ చదువుకున్నాం. అప్పుడు చాలామంది ఈ గ్రంథాన్ని తిరిగి తెరిచారు.

మహమ్మారి లేని రోజుల్లో కూడా ఈ పాఠం మనకు అవసరమే. తట్టు సోకిన బిడ్డ ఒంటిమీద దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచి, కనిపించాక నాలుగు రోజుల వరకు ఇతరులకు అంటించగలడు. ఆటలమ్మ దద్దుకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టే దాకా అంటుకుంటుంది. గర్భిణులకు, నెలల పిల్లలకు అది ప్రమాదం. వలీమాలో అలాంటివారు ఎందరో ఉంటారు. రోగి పక్కన మసలుతున్నవారిలో ఆ వ్యాధి ఇంతకుముందు రానివారు, టీకా వేయించుకోనివారు పైకి బాగానే ఉన్నా తమతో వ్యాధిని మోసుకెళ్లవచ్చు. వెళ్లాలా వద్దా అన్నది వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి. సందేహం మిగిలితే ఆగిపోవడమే మేలు.

ఆగిపోయినవారు కబురు పంపి దుఆ చేయవచ్చు, కానుక తర్వాత ఇవ్వవచ్చు. పిలిచినవారు కూడా నిష్ఠూరాలాడకుండా ఆ ఇంటికి సాలన్, రొట్టెలు పంపి గుమ్మం బయటి నుంచే యోగక్షేమాలు అడగవచ్చు. రాలేకపోయినవారి మీద అలిగితే, రేపు ఇంకొకరు జబ్బు దాచి వస్తారు. ఆ నష్టం మనకే.

ఇబ్నె హజర్ (రహ్మలై) హిజ్రీ 842లో ఫత్‌హుల్ బారీని పూర్తి చేశారు. దానికి ఇరవై అయిదేళ్లు పట్టింది. ఆ సంతోషంలో ఊరి బయట పెద్ద విందు చేశారు. అంటే సమావేశాలంటే ఆయనకు అయిష్టం లేదు, ఏ సమావేశానికి ఏది సమయమో ఆయనకు తెలుసు. ఆ విందు నాటికి ఆయన అయిదుగురు కుమార్తెల్లో ఒక్కరూ జీవించి లేరు. హిజ్రీ 852లో, అంటే క్రీ.శ. 1449లో, ఆయన కైరోలో పరమపదించారు. జనాజా నమాజుకు సుల్తాన్ జక్మక్‌తో సహా అసంఖ్యాకంగా జనం వచ్చారు.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మన వల్ల పొరుగువారికి హాని కలగకుండా నడుచుకునే బుద్ధిని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.