విడదీయడమే ఆయన విద్య: యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి మాత్రలు మింగించడం నాందేడ్ జిల్లా తల్లిదండ్రులకు కొత్త కాదు. వాటిలో డీఈసీ అనే మందు అమెరికాలో ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనశాలలో పుట్టిందని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. చదువు మీద మనసు నిలవక చిన్నతనంలోనే కాశీకి పారిపోబోతే వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తండ్రి పోయినా తల్లి వెంకమ్మ పట్టు వదల్లేదు. నగలు అమ్మి మరీ చదివించారు. మూడో ప్రయత్నంలో గట్టెక్కిన ఆ కుర్రాడే తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు కట్టినందుకు అక్కడ ఒక ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. దాంతో ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను రోజుల తేడాతో బలి తీసుకుంది. ఆ దుఃఖమే ఆయన్ను పరిశోధన వైపు నడిపింది.

మామగారి సాయంతో 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

ఆయన పనిని అర్థం చేసుకోవాలంటే మనం వంటింట్లోకి వెళ్లాలి. కాచిన పాలలో నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి. ఎందుకని? ప్రోటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలతో గుచ్చిన దండ. వాటిలో గ్లుటామిక్ ఆమ్లం వంటివి రుణావేశాన్ని, లైసిన్ వంటివి ధనావేశాన్ని మోస్తాయి. ల్యూసిన్ వంటివి నీటికి దూరంగా ఉంటాయి. పాలలోని కేసిన్ కణాల మీద రుణావేశం ఎక్కువ. అందుకే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. నిమ్మరసంతో పీహెచ్ 4.6 దగ్గరికి దిగగానే రెండు ఆవేశాలూ సరిసమానమవుతాయి. నెట్టుకునే బలం పోయి కణాలు గడ్డకడతాయి. ప్రోటీన్లను వేరుచేసే పద్ధతుల్లో చాలావాటికి ఈ ఆవేశమే ఆధారం.

సుబ్బారావు, ఆయన గురువు సైరస్ ఫిస్కే 1925లో ద్రవాల్లోని ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించాలంటే ముందు ప్రోటీన్లను తొలగించాలి. ఘాటైన ఆమ్లం కలిపితే అవి అవక్షేపంగా దిగిపోతాయి. మిగిలిన తేట ద్రవంలో నీలిరంగు రావలసినదానికన్నా నెమ్మదిగా వచ్చింది. ఆ ఆలస్యాన్ని వారు పొరపాటని కొట్టేయలేదు. దాని వెంట పడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. మన కండరం కదలడానికి శక్తినిచ్చేది అదే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనకు సారథి అయ్యారు. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువుకు ఒక చివర ఉన్నది పైన చెప్పిన గ్లుటామిక్ ఆమ్లమే. ఆ అణువులో చిన్న మార్పు చేసి తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వెళ్లిన తర్వాత మళ్లీ సొంతగడ్డను చూడలేదు. ఆయన కోసం ఎదురుచూసిన భార్య శేషగిరికి ఆ ఎదురుచూపే మిగిలింది.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. ఈ వారం తరగతిలో గ్లాసెడు పాలు, ఒక నిమ్మకాయతో ప్రోటీన్ పాఠం చెప్పి చూడండి. తల్లిదండ్రులకూ ఒక మాట. పరీక్ష తప్పిన బిడ్డను చదువు మాన్పించే ముందు వెంకమ్మను తలచుకుందాం. రెండోసారి తప్పినప్పుడు ఆ తల్లి ఆశ వదులుకుని ఉంటే, ఈ మందుల కథలో సుబ్బారావు పేరే ఉండేది కాదు.