డొనాల్డ్ డేవిస్

అనంతపురం మెట్టసీమలో నీరు స్వల్పం, పొలాలు అనేకం. అందువల్ల చెరువు కాలువ ఏ ఒక్కరి సొత్తుగానూ ఉండేది కాదు. నీరుగంటి వంతులవారీగా అందరి మళ్లకూ నీరు పారించేవాడు. కంప్యూటర్ల లోకానికి ఇట్టి వంతుల పద్ధతిని చూపిన శాస్త్రవేత్తలలో ప్రముఖుడు డొనాల్డ్ డేవిస్.

ఆయన 1924లో వేల్స్‌లోని బొగ్గుగనుల ప్రాంతమైన ట్రియార్కీలో జన్మించారు. శైశవంలోనే తండ్రిని కోల్పోయారు. లండన్ ఇంపీరియల్ కళాశాలలో భౌతిక, గణిత శాస్త్రాలను అభ్యసించి, 1947లో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు.

ఆనాడు ఒకరికి కేటాయించిన టెలిఫోన్ తీగ, వారు ఏమీ పంపని వేళ కూడా ఇతరులకు దక్కేది కాదు. ఈ వృథాను నివారించడానికి డేవిస్ 1965లో నూతన మార్గాన్ని రూపొందించారు. సమాచారాన్ని చిన్న పొట్లాలుగా విభజించి, ప్రతి పొట్లానికీ గమ్యస్థానపు చిరునామా జతచేసి, ఒకే తీగపై అందరి పొట్లాలనూ వరుసగా పంపాలి. గమ్యంలో వాటిని తిరిగి కూర్చాలి. ఆ పొట్లానికి ‘ప్యాకెట్’ అని పేరు పెట్టారు. అమెరికాలో పాల్ బారన్ కూడా స్వతంత్రంగా ఇట్టి ఆలోచనే చేశారు.

దేశమంతటా ఇట్టి వలను నిర్మించాలన్న డేవిస్ ప్రతిపాదనకు తగిన ఆదరణ లభించలేదు. ఆయన నిరుత్సాహపడక తన ప్రయోగశాలలోనే చిన్న వలను నిర్మించి చూపారు. 1967లో ఆయన బృందం వివరించిన పద్ధతి, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నిర్మాతలకు తోడ్పడింది.

డేవిస్ 2000లో మరణించారు. నేడు అనంతపురం విద్యార్థి పరీక్షాఫలితం కోరినప్పుడు, అడిగినవారికి సమాచారం అందించే సర్వర్ అనే కంప్యూటర్ దానిని ఆ పొట్లాలలోనే పంపుతున్నది.