క్షమించమని అడిగే ముందు: జాషువా బతుకు చెప్పే పాఠం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో దళితులను సాంఘిక బహిష్కరణ చేసినప్పుడు, కేసు పెట్టగానే ముందు వినిపించే మాట రాజీ. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాలకు దానితోపాటు మరో ఒత్తిడి ఎదురవుతుంది. యేసు శత్రువును ప్రేమించమన్నాడు కాబట్టి మీరే తగ్గాలని వాళ్లకు హితవు చెబుతారు. క్షమించడమంటే జరిగిన అన్యాయం గురించి నోరు మూసుకోవడమేనా? గుర్రం జాషువా జీవితం ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఇస్తుంది.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్తుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. మతం మారినా ఊరి కళ్లలో కులం మారలేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, అంటరానివాణ్ని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు ఆయనను అవమానించారు. మరోవైపు హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘం కూడా ఆయనను దూరం పెట్టింది. ఒకరు కులం పేరుతో, మరొకరు మతం పేరుతో తలుపులు మూశారు.

బతుకుతెరువు కోసం ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో పిల్లలకు చదువు చెప్పారు. ఎన్ని కష్టాలు పడినా కలం మాత్రం వదలలేదు. 1932లో 'ఫిరదౌసి' రాశారు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పుతాడు. చివరికి పశ్చాత్తాపపడి బంగారం పంపుతాడు. అది చేరేసరికి కవి ప్రాణాలతో లేడు. తప్పు ఒప్పుకోవడం ఆలస్యమైతే దాన్ని అందుకునే మనిషే మిగలకపోవచ్చని ఈ కథ మనకు గుర్తుచేస్తుంది. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడి గడప తొక్కనివ్వని దళితుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అందులో కన్నీళ్లున్నాయి, కోపముంది. అయితే ఆ కోపం మనుషులతో తెగతెంపులు చేసుకోలేదు. తన బాధ వినే దిక్కు ఒకటుందన్న ఆశతోనే ఆ కబురు బయలుదేరింది.

ఆ కబురు కొందరి మనసులను తాకింది. తెలుగు పండిత లోకంలో పెద్దదిక్కు, బ్రాహ్మణుడు అయిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. కులధర్మం ప్రకారం తాకకూడని పాదాన్ని అందరి ముందు తాకారు. అక్కడ వంగింది అవమానపడిన మనిషి కాదు. అవమానించిన వ్యవస్థలో పైమెట్టు మీద ఉన్న మనిషి వంగాడు. రంగస్థలం మీద కూడా ఇలాంటిదే జరిగింది. జాషువా శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరాయి. కులాల తేడా లేకుండా జనం వాటిని పాడుకున్నారు.

తనను దూరం పెట్టిన సంఘం పట్ల జాషువా ఎలా ఉన్నారు? పురాణ కథలు రాయడం తప్పని ఒప్పుకుని ఆయన కాళ్లబేరానికి పోలేదు. అలాగని క్రీస్తును సంఘానికే వదిలేయనూ లేదు. 1958లో 'క్రీస్తు చరిత్ర' రాశారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. మరుసటి ఏడాది జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

సువార్తలు చెప్పేది కూడా ఇదే. నీ మీద సోదరుడికి ఏదైనా ఫిర్యాదు ఉంటే కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు అతనితో సమాధానపడి రమ్మంటుంది మత్తయి సువార్త. అంటే లేచి నడవాల్సింది తప్పు చేసినవాడు. లూకా సువార్తలో పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. తప్పు ఒప్పుకోవడం, నష్టం పూడ్చడం, ఆ తర్వాతే కలవడం. బాధితులను మాత్రమే తగ్గమనే రాజీలో మొదటి రెండు మెట్లూ ఉండవు.

జాషువా కూతురు హేమలత ఈ బాటను మరో చోటికి తీసుకెళ్లారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి నాస్తికోద్యమం నడిపిన గోరా కొడుకు లవణాన్ని ఆమె పెళ్లాడారు. కరీంనగర్, ఆదిలాబాద్‌లకు పొరుగునే ఉన్న నిజామాబాద్ జిల్లాలో జోగిని దురాచారం మీద పోరాడారు. దేవుడి పేరుతో ఊరు వాడుకున్న దళిత స్త్రీలకు పునరావాసం కోసం పనిచేశారు. జోగినిగా మార్చడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ స్త్రీలకు ఎవరూ క్షమాగుణం బోధించాల్సిన పనిలేదు. వాళ్లకు కావాల్సింది ఇల్లు, పని, పిల్లలకు చదువు, తలెత్తుకుని తిరిగే హక్కు.

క్షమించడం బాధితుల హక్కు. దాన్ని ఊరు గానీ, పోలీసు స్టేషన్ గానీ, చర్చి గానీ వాళ్ల చేత బలవంతంగా చేయించలేవు. జాషువా తన గాయాన్ని దాచలేదు, తలుపూ మూయలేదు. రావాల్సినవాళ్లు తప్పు ఒప్పుకుని, తలవంచి లోపలికి రావాలి.