ఒక్కసారి ఆడిన ఆట: మిల్టన్ బ్రాడ్లీ జీవితం



గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నాతో మార్కుల గురించి మాట్లాడాక, వెళ్లేముందు ఒక చిన్న ఫిర్యాదు చేశారు. బాబు ఎంతో ముచ్చటపడి అడిగితే పుట్టినరోజుకి ఒక బోర్డు గేమ్ కొన్నారట. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక ఆదివారం సాయంత్రం ఆడారట. ఆ తర్వాత ఆ డబ్బా అటక మీదకు వెళ్లిపోయింది. డబ్బు దండగైందని ఆవిడ బాధ. అదే బాబుని నేను క్లాసులో అడిగితే, ఆ ఆట తనకు అన్నిటికన్నా ఇష్టమని చెప్పాడు. ఆ రోజు నాన్న ఎలా ఓడిపోయారో, అమ్మ ఎక్కడ నవ్విందో అన్నీ చెప్పాడు. మళ్లీ ఎందుకు ఆడలేదని అడిగితే, ఆడేశాం కదా మిస్ అన్నాడు.

నాకు ఆ జవాబు నచ్చింది. కొన్ని ఆటలు రోజూ ఆడతాం. క్యారమ్స్, లూడో అలాంటివి. కొన్ని ఆటలు ఒక్కసారి ఆడితే చాలు, మనసులో ఉండిపోతాయి. అలా ఒక సాయంత్రం ఆడిన ఒక్క ఆటతో జీవితమే మలుపు తిరిగిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు మిల్టన్ బ్రాడ్లీ. బోర్డు గేముల డబ్బాల మీద ఈ పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. మన ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు నడిచే తీరుకి కూడా ఆయనకి సంబంధం ఉంది. అందుకే ఈ నెల ఆయన కథ.

చదువు మధ్యలో ఆగిన కుర్రాడు

మిల్టన్ 1836 నవంబరు 8న అమెరికాలోని మేన్ రాష్ట్రంలో వియన్నా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. అతనికి పదేళ్లు దాటేసరికి కుటుంబం మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్‌కి వచ్చింది. లోవెల్ బట్టల మిల్లుల ఊరు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు వేలమంది అక్కడి మిల్లుల్లో పనిచేస్తూ హాస్టళ్లలాంటి ఇళ్లలో ఉండేవారు.

మిల్టన్ హైస్కూలు పూర్తి చేశాక ఒక డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర పనికి చేరాడు. హార్వర్డ్‌కి చెందిన లారెన్స్ సైంటిఫిక్ స్కూల్లో చదవాలని అతని కోరిక. ఫీజు కోసం సాయంత్రాలు ఆ మిల్లు అమ్మాయిల దగ్గరకు వెళ్లి ఉత్తరాలు రాసుకునే కాగితాలు, కవర్లు అమ్మేవాడు. అలా కూడబెట్టి సీటైతే సంపాదించాడు గానీ, 1856లో తల్లిదండ్రులు వేరే ఊరికి మారాల్సి వచ్చింది. అక్కడే ఉండి చదువుకునే స్తోమత లేక చదువు సగంలో ఆపేశాడు.

ఫీజు కట్టే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి చదివితే మనసు కాస్త కలుక్కుమంటుంది. కానీ కథ అక్కడ ఆగలేదు.

గడ్డం దెబ్బ

ఉద్యోగం వెతుక్కుంటూ మిల్టన్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరికి వచ్చి, రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీలో చేరాడు. ఆ పని పోయాక సొంతంగా యంత్రాల నమూనాలు గీసి ఇచ్చే ఆఫీసు పెట్టుకున్నాడు. ఈజిప్టు పాలకుడి కోసం తయారవుతున్న ఒక రాజవైభవపు రైలు పెట్టె పని అతని చేతికి వచ్చింది. పని పూర్తయ్యాక ఆ పెట్టె రంగుల బొమ్మ ఒకటి అతనికి జ్ఞాపికగా ఇచ్చారు. అది లిథోగ్రఫీ పద్ధతిలో, అంటే రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే పద్ధతిలో చేసినది. ఆ బొమ్మ అతన్ని పట్టేసింది. ప్రావిడెన్స్ నగరానికి వెళ్లి ఆ పని నేర్చుకుని, 1860లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సొంత ప్రెస్ పెట్టాడు.

ఆ ఏడాది అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు. అబ్రహాం లింకన్ అభ్యర్థి. మిల్టన్ ఒక ఫొటో సంపాదించి లింకన్ బొమ్మ అచ్చు వేశాడు. అది బాగా అమ్ముడుపోయింది. ఇక ఫరవాలేదనుకున్న సమయంలో లింకన్ గడ్డం పెంచారు. గడ్డం ఉంటే బాగుంటారని గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పాప ఆయనకు ఉత్తరం రాసిన సంగతి మీరు వినే ఉంటారు. ఎవరి సలహా అయితేనేం, మిల్టన్ అచ్చు వేసిన నున్నటి ముఖం బొమ్మలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. కొన్నవాళ్లు డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. మిగిలిన బొమ్మలను అతనే తగలబెట్టాడు. ఇరవై నాలుగేళ్ల వయసు, కొన్న మెషీన్ ఉంది, చేతిలో పని లేదు.

ఒక్క సాయంత్రం

దిగులుగా ఉన్న మిల్టన్‌ని జార్జ్ టాప్లీ అనే స్నేహితుడు ఒక సాయంత్రం ఆటకు కూర్చోబెట్టాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత బోర్డు గేమ్ అది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడుతుంటే మిల్టన్‌కి ఒక ఆలోచన తట్టింది. తన దగ్గర రంగుల్లో అచ్చు వేసే మెషీన్ ఉంది. ఇలాంటి బోర్డు తనే ఎందుకు తయారుచేయకూడదు? అదీ పరాయి దేశపు ఆటలా కాకుండా, తన చుట్టూ ఉన్న జనం జీవితంలా?

ఆ ఒక్క సాయంత్రపు ఆట చాలింది. అలా పుట్టిందే ద చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్. మన మాటల్లో గళ్ల జీవితపు ఆట.

చదరంగం బల్లలాగే దీనికి 64 గళ్లు. ఒక మూల శైశవం, ఎదురు మూల సుఖమైన వృద్ధాప్యం. మధ్యలో మంచి గళ్లు, చెడ్డ గళ్లు. బడి గడిలో పడితే కాలేజీకి వెళ్తాం. పట్టుదల గడి విజయానికి తీసుకెళ్తుంది. సోమరితనం అవమానానికి, జూదం సర్వనాశనానికి, తాగుడు పేదరికానికి లాక్కెళ్తాయి. ఎటు వెళ్లాలో చూపిస్తూ గళ్లలో చిన్న చెయ్యి బొమ్మ ఉంటుంది. ముందుగా 100 పాయింట్లు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు. అందులో సుఖమైన వృద్ధాప్యానికే 50.

చదువుతుంటే మన వైకుంఠపాళి గుర్తొస్తోంది కదూ? నాకూ అదే గుర్తొచ్చింది. మంచి గుణానికి నిచ్చెన, చెడ్డ గుణానికి పాము. కానీ ఒక పెద్ద తేడా ఉంది. వైకుంఠపాళిలో గవ్వలు ఎంత పడితే అన్ని గళ్లు కదలాల్సిందే, పాము నోట్లో పడాల్సిందే. బ్రాడ్లీ ఆటలో అలా కాదు. ఆరు పలకల బొంగరం తిప్పితే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను బట్టి పైకా కిందికా, ఎడమకా కుడికా, ఐమూలగా ఎటు అన్నది చాలాసార్లు ఆడేవాళ్లే ఎంచుకోవచ్చు. అదృష్టం సగం, ఆలోచన సగం. పాచికలు వాడకపోవడానికి కూడా కారణం ఉంది. పాచికలంటే జూదం సామాను అని ఆ రోజుల్లో చాలా ఇళ్లలో గుమ్మం లోపలికి రానిచ్చేవారు కాదు.

ఇంకొక సంగతి నన్ను బాగా కదిలించింది. ఆ బోర్డు మీద పేదరికం అనే గడి శైశవానికి దగ్గరలోనే ఉంటుంది. కానీ అందులో పడ్డా పాయింట్లు పోవు. జీవితం మొదట్లో పేదరికం ఉన్నంత మాత్రాన ఓడిపోయినట్టు కాదని ఆయన నియమాల్లోనే రాశారు. ఇంటింటికీ తిరిగి కాగితాలు అమ్మిన కుర్రాడు తప్ప ఇంకెవరు రాస్తారు ఆ నియమం?

మిల్టన్ కొన్ని వందల ఆటలు పట్టుకుని న్యూయార్క్ వెళితే రెండు రోజుల్లో అన్నీ అయిపోయాయి. మొదటి సీజన్‌లోనే 40,000కు పైగా అమ్ముడయ్యాయి. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక సైనికులు జేబులో పెట్టుకెళ్లేలా చదరంగం, డామినోలతో పాటు తన ఆటను కూడా కలిపి చిన్న సెట్ తయారుచేశారు. గుడారాల్లో ఇంటి మీద బెంగతో ఉన్నవాళ్లకు అదొక తోడు.

లాభం లేని పని

ఇంతవరకు చెప్పింది ఒక వ్యాపారి కథ. నాలాంటి టీచర్‌కి అసలు కథ 1869 ప్రాంతంలో మొదలవుతుంది.

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన చిన్నపిల్లలకు ఆటే చదువు అని నమ్మి కిండర్‌గార్టెన్ పద్ధతి మొదలుపెట్టారు. కిండర్‌గార్టెన్ అంటే పిల్లల తోట. మన ఎల్‌కేజీ, యూకేజీలో ఉన్న కే, జీ అక్షరాలు ఆ మాటవే. ఉన్ని బంతులు, చెక్క గోళాలు, ఘనాలు, కాగితం మడతలు, అల్లికలు ఇవే అక్కడ పాఠాలు. అమెరికాలో ఈ పద్ధతిని ప్రచారం చేస్తున్న ఎలిజబెత్ పీబడీ గారి ప్రసంగం బ్రాడ్లీ విన్నారు. ఆ రోజు నుంచి ఆయన మనసంతా దాని మీదే. 1869లో ఎడ్వర్డ్ వీబే రాసిన ద పారడైజ్ ఆఫ్ చైల్డ్‌హుడ్ అనే పుస్తకాన్ని అచ్చు వేశారు. కిండర్‌గార్టెన్ ఎలా నడపాలో బొమ్మలతో సహా ఇంగ్లిష్‌లో చెప్పిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ఫ్రోబెల్ చెప్పిన చెక్క సామాగ్రి కూడా తన ఫ్యాక్టరీలో తయారుచేయించారు.

అయితే కొనేవాళ్లేరీ? అప్పటికి అమెరికాలో కిండర్‌గార్టెన్లే బహు తక్కువ. పుస్తకం నష్టం, సామాగ్రి నష్టం. 1870లలో దేశమంతా వ్యాపారాలు కుదేలయ్యాయి. ఆటలు అమ్మితే లాభం వస్తుంటే ఈ పిల్లల బడి సామాను ఎందుకని భాగస్వాములు గట్టిగా నిలదీశారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ప్రశ్నే. కంపెనీ మునిగితే అందరూ మునుగుతారు. బ్రాడ్లీ మాత్రం ఆ పని మానలేదు. చివరికి భాగస్వామి తప్పుకునే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆ వాటా కొని, కంపెనీ బాధ్యతలు నెత్తిన వేసుకుని, మిత్రుణ్ణి తన పని తాను చేసుకోనిచ్చింది ఎవరో తెలుసా? ఆ సాయంత్రం ఎదురుగా కూర్చుని ఆట ఆడిన జార్జ్ టాప్లీయే.

ఆ తర్వాత బ్రాడ్లీ ఇంకా ముందుకు వెళ్లారు. పిల్లలకు రంగులు నేర్పాలంటే ఎరుపు అంటే ఏ ఎరుపో అందరికీ ఒకటే ఉండాలని, ఒకే కొలతతో రంగు కాగితాలు, రంగులు కలిపి చూపించే చక్రాలు తయారుచేశారు. క్లాసులో రంగులు ఎలా నేర్పాలో టీచర్ల కోసం పుస్తకాలు రాశారు. కిండర్‌గార్టెన్ టీచర్లకు పత్రికలు నడిపారు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఫ్రోబెల్ సామాగ్రిని చూసిన ఒక తల్లి వాటిని తన కొడుకు కోసం కొన్నారు. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్, తర్వాత ప్రపంచ ప్రసిద్ధ ఆర్కిటెక్ట్. ఆ చెక్క ముక్కల స్పర్శ తన వేళ్లలో జీవితాంతం ఉండిపోయిందని ఆయన చెప్పుకున్నారు.

బ్రాడ్లీ 1911 మే 30న, 74 ఏళ్ల వయసులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న సుఖమైన వృద్ధాప్యం గడికి చేరుకునే వెళ్లారు.

తర్వాత ఏమైంది?

కంపెనీకి నూరేళ్లు నిండిన 1960లో రూబెన్ క్లామర్ అనే డిజైనర్ చేత ఆ ఆటను కొత్తగా తయారుచేయించారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ద గేమ్ ఆఫ్ లైఫ్ అదే. అందులో చిన్న కార్లు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి. చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ డబ్బు ఉంటే వాళ్లే గెలిచినట్టు. నేను మా కజిన్స్‌తో ఒక్కసారి ఆడాను. సరదాగా ఉంది, బాగా నవ్వుకున్నాం. కానీ పాత బోర్డులో ధైర్యానికి, పట్టుదలకు కూడా గళ్లు ఉండేవని తెలిశాక, మనం పిల్లలకు ఏ బోర్డు పరుస్తున్నాం అని ఆలోచనలో పడ్డాను. ఒకటో ర్యాంకు, పెద్ద కాలేజీ, ప్యాకేజీ. ఈ మూడు గళ్లే గీసి ఊరుకుంటున్నామా? తప్పు మీదే అనడం లేదు. టీచర్లుగా మేమూ ఆ బోర్డు గీయడంలో చెయ్యి వేసినవాళ్లమే.

అందుకే ఆ అమ్మగారికి నేను ఇప్పుడు చెప్పేది ఇదే. ఆ డబ్బా డబ్బు దండగ కాదండీ. ఆ ఆదివారం మీ బాబుకి ఇంకా గుర్తుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఒక చార్టు మీద 8 వరుసల్లో 8 చొప్పున 64 గళ్లు గీయండి. ఒక మూల బాల్యం, ఎదురు మూల మీ బిడ్డ చేరాలనుకునే చోటు రాయించండి. ఏమి రాయాలో మీరు చెప్పకండి. మధ్యలో ఆరు మంచి గళ్లు, ఆరు చెడ్డ గళ్లు పిల్లల్నే నింపనివ్వండి. దేనికి ఎన్ని పాయింట్లో కూడా వాళ్లే వేస్తారు. గవ్వలో చింతపిక్కలో చాలు. ఫోన్లు పక్కన పెట్టి, నానమ్మ తాతయ్యలు ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టి, ఒకే ఒక్కసారి ఆడండి.

ఆట అయిపోయాక ఆ చార్టు మడిచి క్లాస్ టీచర్‌కి పంపించండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున అన్నీ కారిడార్‌లో అతికిస్తాం. మన పిల్లలు ఏ గడికి ఎన్ని పాయింట్లు ఇచ్చారో మనమంతా నిలబడి చూద్దాం.