బోధించడానికి వచ్చిన వైద్యురాలు

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబాలు తక్కువ. ఆ పేరుగల డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను మొదట ఇక్కడికి పంపింది వైద్యానికి కాదు, బోధనకు.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఆమె 1879లో వైద్య పట్టా పొందారు. పురుష వైద్యుల ఎదుటికి రాలేని మన స్త్రీల బాధ విని, వస్తానన్నారు. కాని ఆమెను పంపే లూథరన్ స్త్రీల సమాజం అప్పటికి వైద్య పరిచర్యకు సిద్ధంగా లేదు. గడప దాటని స్త్రీలకు, బాలికలకు చదువు, వాక్యం నేర్పమంది. ఆమె ఒప్పుకొని 1883లో గుంటూరు చేరారు.

బోధించడానికి వెళ్లిన ఇళ్లలోనే రోగులు ఎదురయ్యారు. అగ్రవర్ణాల వారు ఆమెను అంటరానిదానిగా చూశారు. అయినా బోధన మానలేదు, వైద్యమూ మానలేదు. రెండేళ్లకు, 1885లో, సమాజమే ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

మన గోపన్‌పల్లి పరిసరాల సంఘాల్లో చదువుకున్న ఆడబిడ్డలకు కొదువ లేదు. సోమవారం నుండి శుక్రవారం వరకు ఉద్యోగం, ఆదివారం మాత్రమే పరిచర్య అని మనం గీత గీశాం. కుగ్లరమ్మ ఆ గీత గీయలేదు. సండే స్కూల్‌కు, పాటల బృందానికి వారిని పిలుస్తున్నాం. మంచిదే. మన ఇళ్లలో పనిచేసే తల్లుల కూతుళ్లకు లెక్కలు, కంప్యూటరు నేర్పమని ఎప్పుడైనా అడిగామా? ఈ ఆదివారమే అడుగుదాం.